మార్కాపురం పలక

ఒకప్పుడు తెలుగునాట పిల్లలు ఓనమాలు దిద్దుకొన్నది పలకమీదనే. ఆ పలకలకు పేరుపొందిన ఊరు మార్కాపురం. గిద్దలూరు వలెనే ఇదియు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలో ఉండేది.

ఈ సీమలోని శిలలను విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో ప్రకటించిన గ్రంథంలో వర్ణించాడు. నీటి అడుగున పేరుకొన్న మెత్తని బురద 100 కోట్ల సంవత్సరాలకు పూర్వమే రాయిగా మారినది. భూమి ఒత్తిడికి అందలి అభ్రకపు రేణువులు ఒకే వరుసలో అమరినవి. అందుచేతనే పలకరాయి రేకులుగా చీలుతుంది. అయితే ఉలి ఎక్కడ ఆనించవలెనో, సుత్తిదెబ్బ ఎంత వేయవలెనో పనివారు పెద్దల ప్రక్కన కూర్చుండి నేర్చినదే.

తరువాత నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చినవి. రాతిపలకకు గిరాకీ తగ్గగా, పరిశ్రమ నేలకు, గోడలకు పరచు బండలవైపు మళ్లినది. కోతయంత్రం, కచ్చితమైన కొలత అవసరమైనవి. పాత నేర్పు ఒక్కటే చాలలేదు.

ఇట్టి లోటు తీర్చుటకే భారత ప్రభుత్వం 1950లో వృత్తిశిక్షణ పథకాన్ని ప్రారంభించినది. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చినది. రాతిపని యంత్రాలు నడుపుట కూడ ఐ.టి.ఐ. వృత్తులలో చేరినది.

శిక్షణ అనగా మీట నొక్కుట మాత్రమే కాదు. పొడిగా రాయి కోసినప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులను గట్టిపరచును. ఆ సిలికోసిస్ వ్యాధి వచ్చిన పిదప నయం కాదు. కోసేచోట నీరు పారించినచో దుమ్ము చాలవరకు అణగును. రాతి చీలిక తాతకు తెలియును. దుమ్ము సంగతి శాస్త్రానికి తెలియును. మనుమనికి రెండును కావలెను.