టార్ట్స్, లండన్: లేని మనిషి సంతకం

పాత జేబు గడియారాలను సేకరించేవారి నోట ఒక పేరు తరచుగా వినబడుతూ ఉంటుంది: "టార్ట్స్, లండన్". పద్ధెనిమిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో తయారైన వెండి గడియారాల లోపలి పలక మీద ఈ సంతకం వయ్యారపు అక్షరాలతో చెక్కి ఉంటుంది. యూరపు వేలంపాటలలో ఇవి నేటికీ వస్తూనే ఉంటాయి. చిక్కల్లా ఒక్కటే. లండన్ గడియార నిర్మాతల పట్టికలు ఎన్ని తిరగేసినా పరిశోధకులకు ఆ పేరుగల నిపుణుడు తగలలేదు. గడియారం ఉంది, సంతకం ఉంది, సంతకం చేసిన మనిషి లేడు.

నకిలీ వాచీలను కొని, విప్పి, బాగుచేసి, వాటి గుణదోషాలను బేరీజు వేయడం వ్యాసంగంగా పెట్టుకున్నవారు లోకంలో చాలామంది ఉన్నారు. నేను వారిలో సగం మనిషిని. కొత్త నకిలీలను కొనను. పాత నకిలీలంటే మాత్రం ప్రాణం. కీ ఇచ్చే వాచీలను విప్పి శుభ్రం చేయడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. ఆ పనిలో కూర్చున్నప్పుడల్లా తోచేదేమిటంటే, గడియారాల చరిత్రను అసలు వైపునుంచి కాక నకలు వైపునుంచి చెప్పుకుంటూ వస్తే ఎన్నో సంగతులు తేటపడతాయని.

లండన్ పేరుకు అంత గిరాకీ ఊరికే రాలేదు. 1675 ప్రాంతాల బాలెన్స్ చక్రానికి సన్నని చుట్టల స్ప్రింగు తగిలించడం మొదలయింది. అంతకు ముందు చాలా గడియారాలకు గంటల ముల్లు ఒక్కటే ఉండేది, అదీ నమ్మదగినది కాదు. స్ప్రింగు వచ్చాక నిమిషాల ముల్లుకు అర్థం ఏర్పడింది. ఆ మార్పును అందిపుచ్చుకున్నవారిలో అగ్రగణ్యుడు థామస్ టాంపియన్. కమ్మరి కొడుకు, 1713లో మరణించినప్పుడు వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేశారు. తన సరుకుకు వరుస సంఖ్యలు వేసిన తొలితరం నిర్మాతలలో ఆయన ఒకడు. ఆయన బతికుండగానే ఆయన పేరుతో దొంగ గడియారాలు పుట్టాయి. ఒక పెద్దమనిషి బాగుచేయించుకుందామని తెచ్చిన గడియారం మీద తన పేరే దొంగగా చెక్కి ఉండటం చూసి, టాంపియన్ దాన్ని సుత్తితో పగలగొట్టి, సొంతంగా చేసినది ఒకటి అతని చేతిలో పెట్టాడని కథగా చెప్పుకుంటారు.

1698లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. కొందరు ఖాళీ డబ్బీలను, డయళ్ళను విదేశాలకు పంపిస్తే, అక్కడ వాటిలో నాసిరకం యంత్రాలు బిగించి లండన్ సరుకని అమ్ముతున్నారన్నది ఫిర్యాదు. ఇకమీదట యంత్రం లేని డబ్బీ దేశం దాటకూడదు, చేసినవాడి పేరూ ఊరూ గడియారం మీద చెక్కి తీరాలి అన్నారు. ఉద్దేశం మంచిదే. కాని పేరు చెక్కడం చట్టబద్ధమయిన నాడే పేరు దొంగిలించడానికీ విలువ వచ్చింది. మొదట జనం గడియారాన్ని నమ్మేవారు. తరువాత అక్షరాలను నమ్మడం నేర్చుకున్నారు.

టార్ట్స్ వంటివాటిని గడియార చరిత్రకారులు "డచ్చి ఫోర్జరీలు" అంటారు. నిజానికి వీటిలో పెక్కు స్విట్జర్లాండులో, జెనీవా పరిసరాలలో తయారయి ఉంటాయని పరిశోధకుల అభిప్రాయం. డచ్చి పేరు రావడానికి కారణం వాటి ముఖం: నిమిషాల గీత గుండ్రంగా సాగక, అంకె అంకెకూ మధ్య తోరణంలా వంపు తిరుగుతుంది. ఇది హాలండు వారి అభిరుచి. వెనకమూత తెరిస్తే గుట్టు ఇట్టే బయటపడుతుంది. బాలెన్స్ చక్రాన్ని కప్పుతూ లతలూ ముఖాలూ చెక్కిన ఒక పలక ఉంటుంది. ఇంగ్లండు పనివాడు దానికి ఒకే పాదం పెట్టి ఒకే మరతో బిగిస్తాడు. యూరపు ప్రధాన భూభాగపు పనివాడు రెండువైపులా పాదాలు పెట్టి వంతెనలా నిలబెడతాడు. "లండన్" అని రాసి ఉండగా రెండు పాదాలు కనబడ్డాయంటే ఆ గడియారం అబద్ధం చెబుతున్నట్టే. చేతిరాతను మార్చగలిగారు గాని చేతి అలవాటును మార్చలేకపోయారన్నమాట! నన్నడిగితే ఆ కాలపు పనివాడి అసలు సంతకం ఆ రెండు పాదాలే.

ఈ నకిలీల మీద డాక్టరేటు పరిశోధన చేసిన రెబెకా స్ట్రథర్స్ అనే బ్రిటిష్ గడియార నిర్మాత 2023లో "హాండ్స్ ఆఫ్ టైమ్" అనే పుస్తకం తెచ్చారు. ఆమె వెంటాడిన పేరు మరొకటి: "విల్టర్, లండన్". ఇటువంటి గడియారాలను వట్టి మోసమని తోసిపుచ్చడానికి వీల్లేదని ఆ పుస్తకం చదివాక నాకు మరింత గట్టిపడింది. లండన్ పెద్దలు ఒక్కొక్క గడియారాన్ని ధనవంతుల కోసం మలుస్తుండగా, జ్యూరా కొండలలో రైతు కుటుంబాలు మంచుకాలంలో ఇంటిపట్టున కూర్చుని ఒకరు చక్రాలు, ఒకరు మరలు, ఒకరు స్ప్రింగులు చేసేవారు. దళారి వాటిని పోగుచేసి కూర్పించేవాడు. పని ఇలా పంచుకోవడంవల్ల ధర దిగింది. జేబులో గడియారం పెట్టుకునే భాగ్యం దుకాణదారుకూ గుమాస్తాకూ కలగడానికి ఈ నాసి సరుకు కూడా ఒక దారి వేసింది. నష్టపోయినవారూ లేకపోలేదు. ఇంగ్లండు గడియార పనివారు కూలి దొరక్క అల్లాడి పెట్టుకున్న విన్నపాల మీద 1817లో పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. ఆ కష్టాలకు నకిలీ ఒక్కటే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. నెపోలియను యుద్ధాల తరువాతి మాంద్యం అందరినీ కొట్టింది. 

బ్రెగే సంగతి వేరు. స్విట్జర్లాండులోని నషాటెల్‌లో 1747లో పుట్టి, పారిసులో స్థిరపడిన అబ్రహాం-లూయీ బ్రెగే రాజులకూ రాణులకూ గడియారాలు చేశాడు. ఫ్రెంచి విప్లవకాలంలో దేశం విడిచి 1795లో తిరిగివచ్చాక, తన పేరుతో దొంగసరుకు బజారులో పారుతుండటం చూశాడు. ఆయన చట్టాన్ని నమ్ముకోలేదు. నాణేల ముద్రలు చెక్కే ద్రోజ్ అనే నిపుణుడు చేసిన పాంటోగ్రాఫుతో, ఎనామెల్ డయలు మీద పన్నెండో అంకెకు దగ్గరగా, కంటికి ఆనీ ఆనని రహస్య సంతకం పెట్టించాడు. నిటారుగా చూస్తే తెల్లటి డయలే. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే పేరు మెరిసి మాయమవుతుంది. దీనికి తోడు ప్రతి గడియారం సంఖ్యనూ కొన్నవారి పేరునూ ఖాతాలకెక్కించాడు. ఆ ఖాతాలు నేటికీ ఉన్నాయి. అయినా నకిలీలు ఆగలేదు. "బ్రెగే, పారిసు" అన్న అక్షరాలతో దొరికే పాత గడియారాలలో చాలావాటికి ఆ ఇంటి గడప తెలియదు.

బ్రెగే గడియారాలలోకెల్లా ప్రసిద్ధమయినది 160వ సంఖ్య గలది. మరీ ఆంత్వానెత్ రాణి కోసమని 1783లో పురమాయించారు. రాణి 1793లో గిలొటిన్‌కు బలి అయింది, బ్రెగే 1823లో పోయాడు, గడియారం 1827లో పూర్తయింది! అది చివరకు జెరూసలేములోని ఒక మ్యూజియముకు చేరి, 1983లో వందకు పైగా ఇతర గడియారాలతో పాటు దొంగల పాలయింది. ఇరవయ్యేళ్ళకు పైగా అయిపులేదు. అప్పటికి బ్రెగే పేరును కొనుక్కున్న స్వాచ్ సంస్థ అధిపతి నికొలా హయెక్, పాత చిత్రాలూ పత్రాలూ ఆధారంగా దాని ప్రతిరూపం చేయమని తన పనివారిని ఆదేశించాడు. అసలును చేతితో ముట్టకుండానే వారు నకలు చేశారు. దానికి 1160 అని సంఖ్య వేసి 2008లో లోకానికి చూపించారు. ఈలోగా, 2007లో, అసలు గడియారం దొరికిన వార్త బయటికొచ్చింది.

ఇక్కడ నాకొక సందేహం. 1160వ సంఖ్య నకలే కదా, దాన్ని నకిలీ అని ఎందుకనము? పేరు హక్కు కలిగినవాడు చేయించాడు గనుక. నకలని ఒప్పుకున్నాడు గనుక. మొదటి కారణం వ్యాపారానిది, రెండోది నీతిది. రెండింటినీ ఒకే గాటన కట్టడంవల్లనే ఈ విషయంలో ఇంత గందరగోళమని నా అనుమానం.

పందొమ్మిదో శతాబ్దంలో కథ అట్లాంటిక్ దాటింది. అమెరికాలో వాల్తం కంపెనీ యంత్రాలతో గడియారాలు తయారుచేసి జయించింది. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శన చూసివచ్చిన స్విస్ ప్రతినిధి ఫావ్ర్-పెరే తన దేశస్థులను గట్టిగా హెచ్చరించాడు. హెచ్చరిక వినక ముందూ, విన్నాకా, కొందరు స్విస్ వ్యాపారులు చేసిన పని అమెరికా పేర్లను పోలిన పేర్లు చెక్కి సరుకు దింపడమే. వాల్తం వారి "పి.ఎస్. బార్ట్‌లెట్" రకాన్ని తలపించేలా "పి.ఎస్. బారెట్" అన్నట్టు. అమెరికా సేకర్తలు వీటిని "స్విస్ ఫేక్స్" అని పిలుస్తారు. నేడు నకిలీల బెడదను తలచుకుని అందరికంటె ఎక్కువగా వాపోయేది స్విట్జర్లాండే!

చైనా వంతు వచ్చేసరికి ఇంకొక మెలిక పడుతుంది. వీనస్ అనే స్విస్ కంపెనీ తన 175 రకం క్రోనోగ్రాఫు తయారీ యంత్రాలను 1960ల తొలినాళ్ళలో టియాంజిన్ కర్మాగారానికి అమ్మింది. చైనా వైమానిక దళానికి వాచీలు అందులోంచి వచ్చాయి. దాని సంతతి నేటికీ సీగల్ ఎస్‌టి19గా ఆడుతోంది. అది దొంగిలించిన విద్య కాదు, డబ్బిచ్చి కొన్నది. అలాగే ఈటా 2824 అనే స్విస్ యంత్రపు రూపకల్పన దశాబ్దాల పాతది; చైనా కంపెనీలు దాని అచ్చు ప్రతులను బాహాటంగా చేసి అమ్ముతాయి. ఆ యంత్రాన్ని సొంత పేరుగల డయలు కింద పెడితే వ్యాపారం. ఇంకొకరి పేరు కింద పెడితే నేరం. మన 1999 ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం ఆ నేరానికి ఆరునెలలనుంచి మూడేళ్ళ వరకు జైలు. చక్రాలన్నీ అవే, తేడా అంతా డయలు మీద వేలెడు మేర.

మన సాలార్‌జంగ్ మ్యూజియములో గంటగంటకూ జనం మూగే గడియారం మీది పేరు కుక్ అండ్ కెల్వీ. వారు కలకత్తా వ్యాపారులు. భాగాలు ఇంగ్లండునుంచి వస్తే ఇక్కడ కూర్చారు. అమ్మినవాడు తన పేరు వేసుకోవడం ఆనాటి మర్యాద, దాన్నెవరూ మోసం అనుకోలేదు. బెంగుళూరులో 1961లో జపాను సిటిజన్ సహకారంతో మొదలయిన హెచ్.ఎం.టి. గడియారాలూ, సైకో సహకారంతో చేసిన మన హైదరాబాదు ఆల్విన్ వాచీలూ ఆ కోవలోవే: విద్య ఒకరిది, పేరు ఒకరిది, మధ్య ఒప్పందం.

హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయాలని 2016లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించాక పాత వాచీల ధరలు పెరిగాయి. దాంతో "ముంబై స్పెషల్" అని సేకర్తలు ఎగతాళి చేసే సరుకు పెచ్చుమీరింది. లోపల నిజమైన పాత యంత్రం, పైన కొత్తగా అచ్చువేసిన డయలు. అక్షరాలు కాస్త లావుగా ఉంటాయి, చుక్కలు గీతమీద కూర్చోవు, ఆ కర్మాగారం ఏనాడూ వేయని రంగులు కనబడతాయి. సేకర్తలు వీటిని చీదరించుకుంటారు. నాకు అంత కోపం రాదు. తుక్కులోకి పోవలసిన యంత్రాన్ని మళ్ళీ ఆడించిన చేయి అది. కాని మార్చిన సంగతి దాచి "అసలు పాతది, ముట్టనిది" అని అమ్మినచోట నాకూ కోపమే.

ఈ మధ్య ఒక మిత్రుడు తన తండ్రిగారి జనతా వాచీ తెచ్చాడు. శుభ్రం చేసి నూనె వేస్తే యంత్రం చక్కగా ఆడింది. డయలు మాత్రం తేమకు నల్లబడి, అంకెలు సగం చెరిగాయి. కొత్త డయలు వేయమన్నాడు. వద్దని చెప్పి చూశాను. "నాన్నగారు కొన్నప్పుడు ఇది తెల్లగా ఉండేది కదండీ, నేను చూసిందీ తెల్లటిదే" అన్నాడు. కాదనడానికి నా దగ్గర మాట లేదు. తెల్లటి డయలు వేసి ఇచ్చాను. పాత డయలును కాగితంలో చుట్టి, ఏ వాచీదో, ఏనాడు తీసిందో పైన రాసి, దాన్నీ అతని చేతిలోనే పెట్టాను.