బాస్టన్ చెట్టు కెనడాది, లండన్ చెట్టు నార్వేది.. క్రిస్మస్ అలంకరణలు దేశాలు ఎలా దాటాయో తెలుసా?

అమెరికాలోని బాస్టన్ నగరం నడిబొడ్డున ప్రతి ఏటా ఒక పెద్ద క్రిస్మస్ చెట్టు వెలుగుతుంది. ఆ చెట్టు అమెరికాలో పెరిగింది కాదు. కెనడాలోని నోవా స్కోషియా నుంచి వస్తుంది. బాస్టన్ దాన్ని డబ్బులిచ్చి కొనదు. నోవా స్కోషియా ప్రజలే ఉచితంగా పంపిస్తారు. వందేళ్ల కిందట అందిన ఒక సాయానికి వాళ్లు ఇప్పటికీ చెబుతున్న థాంక్స్ అది.

స్టార్, చెట్టు, లైట్లు, కేక్.. డిసెంబర్‌లో మనం చూసే వీటిలో ఏదీ మొదటి క్రిస్మస్ నుంచి ఉన్నది కాదు. ఒక్కొక్కటి ఒక్కో ఊళ్లో పుట్టింది. ఒకళ్లు ఇస్తే ఇంకొకళ్లు తీసుకున్నారు. తీసుకున్నవాళ్లు తమకు నచ్చినట్టు మార్చుకున్నారు. ఎవరు ఇచ్చారో కొన్నిచోట్ల గుర్తుంది. కొన్నిచోట్ల పూర్తిగా మర్చిపోయారు. ఆ కథలేంటో చూద్దాం.

పేలుడు జరిగిన రాత్రే బయలుదేరిన రైలు

1917 డిసెంబర్ 6. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. నోవా స్కోషియాలోని హాలిఫాక్స్ రేవులో పేలుడు పదార్థాలతో నిండిన ఫ్రెంచ్ ఓడ మోంట్-బ్లాంక్‌ను, నార్వేకు చెందిన ఇమో ఓడ ఢీకొట్టింది. మంటలు లేచాయి. కాసేపటికే ఓడ మొత్తం పేలిపోయింది. దాదాపు 1,800 మంది చనిపోయారు. వేల మంది గాయపడ్డారు. కిటికీల దగ్గర నిలబడి మంటలు చూస్తున్న చాలామందికి గాజు ముక్కలు గుచ్చుకుని కంటిచూపు పోయింది.

వార్త తెలియగానే బాస్టన్ స్పందించింది. అదే రాత్రి డాక్టర్లు, నర్సులు, మందులతో ఒక రైలు బయలుదేరింది. దారిలో మంచు తుపాను అడ్డం పడినా హాలిఫాక్స్ చేరుకుంది.

మరుసటి ఏడాది, 1918లో, నోవా స్కోషియా కృతజ్ఞతగా బాస్టన్‌కు ఒక క్రిస్మస్ చెట్టు పంపింది. తర్వాత చాలా ఏళ్లు ఆ సంగతి మరుగున పడింది. 1971లో అక్కడి క్రిస్మస్ చెట్ల రైతులు మళ్లీ మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఏటా ఒక చెట్టు వెళ్తూనే ఉంది. చూసేవాళ్లకు అది ఒక అలంకరణే. హాలిఫాక్స్ వాళ్లకు మాత్రం అది తమ కుటుంబాల కథ.

లండన్‌లో నార్వే చెట్టు

ఇలాంటిదే లండన్‌లోనూ ఉంది. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పెట్టే చెట్టును 1947 నుంచి నార్వే రాజధాని ఓస్లో నగరం పంపుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నార్వేను ఆక్రమించినప్పుడు అక్కడి రాజు ఏడో హాకన్‌కు ఆశ్రయం ఇచ్చింది బ్రిటనే. దానికి కృతజ్ఞత ఇది. చెట్టు సాధారణంగా 20 మీటర్లకు పైనే ఉంటుంది. లైట్లు కూడా నార్వే పద్ధతిలోనే వేస్తారు. చుట్టూ చుట్టకుండా పై నుంచి కిందికి నిలువు వరుసల్లో వదులుతారు.

2021లో వచ్చిన చెట్టు కొమ్మలు పలచగా కనిపించడంతో సోషల్ మీడియాలో బోలెడు జోకులు పేలాయి. ఎవరో ప్రేమతో పంపిన కానుకను పట్టుకుని నవ్వడం ఏంటని బాధపడినవాళ్లూ ఉన్నారు. ఆ చెట్టు ఎందుకు వస్తుందో తెలిసినవాళ్లకు, తెలియనివాళ్లకు ఉన్న తేడా అదే.

మీసం తీసేశారు, చెట్టు ఉంచేశారు

అసలు చెట్టును ఇంట్లో పెట్టి అలంకరించే అలవాటు జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో 16వ శతాబ్దానికే ఉంది. బ్రిటన్ రాజకుటుంబంలోకి అది జర్మనీ నుంచి వచ్చిన కోడళ్లు, అల్లుళ్లతో పాటే వచ్చింది. 1848లో విక్టోరియా రాణి, ఆమె భర్త ఆల్బర్ట్, పిల్లలు చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మను 'ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్' పత్రిక వేసింది. దాంతో మామూలు ఇళ్లలోకి కూడా చెట్టు వచ్చేసింది.

1850లో అమెరికాలోని 'గోడీస్ లేడీస్ బుక్' పత్రిక అదే బొమ్మను మళ్లీ వేసింది. కాకపోతే రాణి తలపై ఉన్న కిరీటాన్ని, ఆల్బర్ట్ మీసాన్ని తీసేసింది. రాజకుటుంబం కాస్తా అమెరికా మధ్యతరగతి కుటుంబం అయిపోయింది. చెట్టు మాత్రం అలాగే ఉంది. ఇప్పటి భాషలో చెప్పాలంటే, ఎడిట్ చేసి రీపోస్ట్ చేశారన్నమాట!

చెట్టుకు వేలాడదీసే రంగు గాజు బంతులు జర్మనీలోని లౌషా అనే గాజు పనివాళ్ల ఊరి నుంచి వచ్చాయి. 19వ శతాబ్దంలో అక్కడి కుటుంబాలు ఇంట్లోనే గాజు ఊది వీటిని తయారుచేసేవి. 1880ల్లో వూల్‌వర్త్ దుకాణాలు వాటిని అమెరికాలో అమ్మడం మొదలుపెట్టాయి. ఇక కరెంటు లైట్లు మొదట వెలిగింది న్యూయార్క్‌లో. 1882 డిసెంబర్‌లో ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 బల్బులు కట్టారు. అంతకుముందు కొమ్మలకు కొవ్వొత్తులే పెట్టేవారు. పక్కన బకెట్‌తో నీళ్లు కూడా ఉంచుకోవాల్సి వచ్చేది.

సాలెగూడు కనిపిస్తే దులపరు

ఇదే చెట్టు ఉక్రెయిన్ చేరాక దాని మీదకు సాలెపురుగు ఎక్కింది. ఒక పేద తల్లి ఇంట్లో చెట్టు ఉంది కానీ అలంకరించడానికి డబ్బు లేదట. రాత్రి సాలెపురుగులు చెట్టంతా గూళ్లు అల్లాయట. తెల్లారి ఎండ పడగానే అవి వెండి, బంగారు దారాల్లా మెరిశాయట. ఆ జానపద కథను గుర్తు చేసుకుంటూ అక్కడ చెట్టుకు సాలెపురుగు బొమ్మలు కడతారు. మన ఇంట్లో పండుగ ముందు బూజు దులుపుతాం. అక్కడేమో అది అదృష్టం!

ఫిలిప్పీన్స్‌లో అయితే చెట్టు కన్నా స్టారే ముఖ్యం. దాన్ని 'పరోల్' అంటారు. లాంతరు అనే అర్థం ఉన్న స్పానిష్ మాట 'ఫరోల్' నుంచి వచ్చిన పేరు ఇది. వెదురు పుల్లలు, రంగు కాగితంతో చేసేవారు. డిసెంబర్ 16 నుంచి 24 వరకు తెల్లవారక ముందే జరిగే ప్రార్థనలకు వెళ్లేవాళ్లకు అవే దారి చూపే దీపాలు. ఇప్పుడు సాన్ ఫెర్నాండో నగరంలో వేల బల్బులతో ఇంటి ఎత్తున లాంతర్లు చేసి పోటీలు పెడుతున్నారు.

ఇటలీలో క్రిస్మస్ అంటే పశువుల పాక. 1223లో గ్రెచ్చో అనే చోట అసిసీ ఫ్రాన్సిస్ నిజమైన ఎద్దు, గాడిదలతో యేసు పుట్టిన దృశ్యాన్ని ఏర్పాటు చేశారు. ఆ అలవాటు అక్కడి నుంచే బాగా వ్యాపించింది. నేపుల్స్‌లో బొమ్మలు చేసేవాళ్లకు ఒక వీధే ఉంది. అక్కడ గొల్లల పక్కన పిజ్జా చేసేవాళ్లు, ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా బొమ్మలు కూడా దొరుకుతాయి.

జపాన్ దారే వేరు. అక్కడ క్రైస్తవులు ఒక శాతం వరకే ఉంటారు. డిసెంబర్ 25 సెలవు కూడా కాదు. అయినా 1974లో కేఎఫ్‌సీ చేసిన ప్రచారంతో క్రిస్మస్‌కు చికెన్ తినడం ఆనవాయితీ అయిపోయింది. ముందే ఆర్డర్ ఇవ్వకపోతే దొరకడం కష్టం. దాంతో పాటు స్ట్రాబెర్రీ క్రీమ్ కేక్. అంటే భక్తితోనే కాదు, ప్రకటనతో కూడా ఆనవాయితీ పుడుతుంది.

పేరు పోగొట్టుకున్న పువ్వు

ఇచ్చినవాళ్లను మర్చిపోవడం అంటే ఏంటో ఒక మొక్క చెబుతుంది. క్రిస్మస్ సీజన్‌లో నర్సరీల్లో ఎర్రగా కనిపించే పొయిన్‌సెట్టియా మనకు తెలిసిందే. పువ్వులా కనిపించే ఆ ఎర్ర రేకులు నిజానికి ఆకులే. అసలు పూలు మధ్యలో చిన్నగా, పసుపు రంగులో ఉంటాయి.

ఇది మెక్సికో మొక్క. అక్కడి ఆజ్టెక్‌లు తమ నావాట్ల్ భాషలో 'క్వెట్లశోచిట్ల్' అనేవారు. దీని నుంచి ఎర్ర రంగు తీసేవారు. మెక్సికోలో దీన్ని ఇప్పటికీ 'నోచెబ్వేనా పువ్వు' అంటారు. నోచెబ్వేనా అంటే క్రిస్మస్ ముందు రాత్రి. 1820ల చివర్లో మెక్సికోలో అమెరికా రాయబారిగా ఉన్న జోయెల్ పొయిన్‌సెట్ ఈ మొక్కలను తన దేశానికి పంపారు. చివరికి ప్రపంచమంతా ఆయన పేరే నిలిచింది. వందల ఏళ్లుగా పెంచుకున్నవాళ్ల పేరు మెక్సికో దాటలేదు.

మన దేశంలో ఎవరు చేస్తున్నారు? ఎవరు తింటున్నారు?

కేరళలోని తలశ్శేరిలో ఒక కథ తరతరాలుగా చెప్పుకుంటారు. 1883లో మర్డాక్ బ్రౌన్ అనే తోటల యజమాని బ్రిటన్ నుంచి తెచ్చిన కేక్ ముక్కను మాంబళ్లి బాపు అనే బేకరీ యజమానికి రుచి చూపించి, ఇలాంటిది చెయ్యగలవా అని అడిగారట. బాపు ఊళ్లో కమ్మరితో అచ్చు చేయించి, స్థానికంగా దొరికే పండ్లు, మసాలా దినుసులతో కేక్ చేసిచ్చారట. మన దేశంలో తొలి క్రిస్మస్ కేక్ అదేనని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

కోల్‌కతా న్యూ మార్కెట్‌లో నహూమ్స్ అనే బేకరీ ఉంది. 1902లో బాగ్దాద్ నుంచి వచ్చిన యూదు కుటుంబం మొదలుపెట్టింది. డిసెంబర్ వచ్చిందంటే ఫ్రూట్ కేక్ కోసం అక్కడ క్యూ కడతారు. యూదుల షాపు, ముస్లిం పనివాళ్లు, క్యూలో హిందువులు, క్రైస్తవులు. ఎవరూ దీన్ని వింతగా చూడరు.

శ్రీనగర్‌లో పేపియర్ మాషే కళాకారులు కాగితాన్ని నానబెట్టి, దంచి, గంజి కలిపి, అచ్చులో పోసి క్రిస్మస్ బంతులు, గంటలు, స్టార్లు చేస్తారు. వాటిపై చినార్ ఆకులు, పూలు గీస్తారు. వీళ్లలో ఎక్కువమంది ముస్లింలే. ఈ బంతులు యూరప్, అమెరికా ఇళ్లలో చెట్లకు వేలాడతాయి. కశ్మీర్‌లో ఆ ఇంటి పొయ్యి వెలగాలంటే ఎక్కడో ఒక క్రిస్మస్ చెట్టు వెలగాలి.

మన తెలుగు ఇళ్లలో..

తెలుగు రాష్ట్రాల్లో డిసెంబర్ రాగానే ఇంటి మీద స్టార్ కట్టేస్తారు. వీధిలో ఏది క్రైస్తవుల ఇల్లో చెప్పేది అదే. సెమీ క్రిస్మస్ వేడుకలు, డోలక్, తాళాలతో ఇంటింటికీ తిరిగే క్యారల్స్ బృందాలు, వరిగడ్డితో కట్టే పశువుల పాక.. ఇవన్నీ మన ఊళ్లలో చూసేవే.

వంటింట్లోకి వెళితే కలగలుపు ఇంకా బాగా కనిపిస్తుంది. సంక్రాంతి అరిసెలు చాలా ఇళ్లలో క్రిస్మస్‌కూ వండుతారు. గులాబీ పువ్వులు మరో ఉదాహరణ. అచ్చును ముందు కాగే నూనెలో ఉంచి, వేడెక్కాక పిండిలో ముప్పావు వంతు మాత్రమే ముంచాలి. పూర్తిగా మునిగితే పువ్వు ఊడిరాదు. మళ్లీ నూనెలో పెట్టి కదిపితే పువ్వు విడిపోతుంది. ఇలాంటి అచ్చుతోనే స్వీడన్, నార్వేల్లోనూ క్రిస్మస్‌కు రోజెట్లు చేస్తారు. కేరళలో దీన్నే అచ్చప్పం అంటారు.

ఇక మెదక్ చర్చి. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో పనులు మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకు పని, తిండి దొరకాలని దీన్ని కట్టించారని స్థానికులు చెబుతారు. రంగుటద్దాల కిటికీలపై బొమ్మలు ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. గోడలు లేపింది మాత్రం మన కూలీల చేతులే. క్రిస్మస్ రోజున అన్ని మతాలవాళ్లూ అక్కడికి వస్తారు.

పక్కింటివాళ్లు పిలిస్తే..

మీ పక్కింట్లో క్రిస్మస్ చేసుకుంటూ పిలిచారా? ఇవి గుర్తుపెట్టుకోండి.

• డిసెంబర్ 24 రాత్రి, 25 ఉదయం చాలామంది చర్చిలో ఉంటారు. ఏ టైమ్‌కి రావాలో ముందే అడగండి.
• పశువుల పాక కొందరికి అలంకరణ, చాలామందికి భక్తి. బొమ్మలు ముట్టుకునే ముందు, రీల్ తీసే ముందు ఒక మాట అడగండి.
• స్టార్ మీ ఇంటికీ కట్టుకోవాలనిపిస్తే వాళ్లనే అడిగి కట్టించుకోండి. పిల్లలకు అదే పెద్ద పండుగ.
• వాళ్లు పంపిన గులాబీ పువ్వుల డబ్బా ఖాళీగా తిరిగి పంపకండి. సంక్రాంతికి అరిసెలు పెట్టి ఇవ్వండి.

క్రిస్మస్ ఏ రోజు?

• డిసెంబర్ 25: భారత్‌తో పాటు ఎక్కువ దేశాల్లో
• జనవరి 6: ఆర్మేనియా చర్చి
• జనవరి 7: రష్యా, సెర్బియా, ఇథియోపియా, ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవులు
• ఉక్రెయిన్‌లో 2023 నుంచి అధికారిక సెలవు డిసెంబర్ 25కు మారింది

ఈసారి వీధిలో వెలిగే స్టార్ చూసినప్పుడు, అది ఎవరు కట్టారో ఒకసారి కనుక్కోండి. చాలాసార్లు ఆ ఇంట్లోవాళ్లే చెప్పడానికి ఎదురుచూస్తుంటారు.