గుండ్లకమ్మ తర్వాత

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయ్ సెక్టార్లలో ఉండే తెలుగు క్రైస్తవుల ఇళ్లలో తాతల నాటి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం భద్రంగా ఉంటుంది. హిందీ, ఇంగ్లీషు బళ్లలో చదివిన మనవడికి పాటలు నోటికి వస్తాయి, అక్షరాలు రావు. విశ్వాసం ఒక తరం నుంచి మరో తరానికి ఎలా చేరుతుంది? ఈ ప్రశ్న తెలుగు సంఘానికి కొత్తది కాదు.

సువార్త చెప్పడం, మారుమనస్సు పొందడం, శిష్యుడిగా బతకడం. వీటిని మనం ఒకదాని తర్వాత ఒకటి ఎక్కే మెట్లనుకుంటాం. మత్తయి సువార్త చివర యేసు ఇచ్చిన ఆజ్ఞలో అసలు క్రియ శిష్యులను చేయడమే. వెళ్లడం, బాప్తిస్మమివ్వడం, బోధించడం అందులో భాగాలు. కానీ చరిత్రలో లెక్కకు అందిన బాప్తిస్మానికే పేరొచ్చింది.

ఒంగోలు కథ చూడండి. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగే మాదిగ. విన్నది తన చుట్టాలకు చెప్పాడు; సువార్త బంధుత్వాల దారినే పాకింది. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తిండి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని పదిహేను నెలలు బాప్తిస్మాలే ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా దిగి, అలసిన జంట గట్టెక్కితే మరో జంట దిగుతూ, 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఏడాది ముగిసేసరికి ఆ సంఖ్య 9,606కు చేరింది. అసలు కష్టం మర్నాడు మొదలైంది. అంతమందికి చదువు చెప్పేదెవరు? పల్లె పల్లెకూ బోధకుడు, బడి ఎక్కడి నుంచి వస్తాయి?

దానికి దోర్నకల్‌లో వి.ఎస్. అజరయ్య ఒక జవాబు వెతికారు. 1912లో బిషప్ అయిన ఆయన, బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవారు. ఆ చేతితో శిష్యుడే సాక్షి అయ్యాడు. ఇలాంటి సామూహిక మార్పుల మీద 1933లో వెలువడిన పికెట్ పరిశీలన కూడా ఇక్కడికే వచ్చింది: ఏ ఉద్దేశంతో చేరారన్న దానికంటే, చేరాక అందిన బోధే విశ్వాసాన్ని నిలబెట్టింది.

ఛత్తీస్‌గఢ్ నేల మీదా ఇదే చర్చ. 1868లో మిషనరీ ఆస్కార్ లోర్ సత్నామీ అనే దళిత సమాజం మధ్య బిశ్రాంపూర్ మిషన్ స్థాపించాడు. తర్వాత బిలాస్‌పూర్ జిల్లా తఖత్‌పూర్ ప్రాంతంలో ఏళ్ల తరబడి పనిచేసిన మిషనరీ డోనాల్డ్ మెక్‌గావ్రన్, సువార్త బంధుత్వాల వంతెనల మీదుగా సాగుతుందని 1955లో పుస్తకం రాశాడు. ముందు జనం క్రీస్తు వైపు తిరగాలి, పరిపక్వత తర్వాత అన్నాడు. పేరయ్య నడిచిన దారి ఆయన సిద్ధాంతంలో కనిపిస్తుంది. అయితే ఆ 'తర్వాత' అన్న మాటలోనే నాకు ప్రమాదం కనిపిస్తుంది. వాయిదా పడ్డ శిష్యత్వం చాలాసార్లు వాయిదాలోనే ఉండిపోతుంది.

చట్టం మరోవైపు నుంచి వచ్చింది. అప్పట్లో ఛత్తీస్‌గఢ్ భాగంగా ఉన్న మధ్యప్రదేశ్, బలవంతపు మతమార్పిడిని అడ్డుకోవడానికి 1968లో మత స్వాతంత్ర్య చట్టం చేసింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, మతాన్ని ప్రచారం చేసే హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని చెప్పింది. మతం మార్చడం వేరు, మారుమనస్సు వేరు. మన భాషలో ఇవి రెండు మాటలు. రెండోది మనిషి చేతిలో లేదని క్రైస్తవుడే ముందు ఒప్పుకోవాలి.

మెక్‌గావ్రన్ పుస్తకం వచ్చిన 1955లోనే భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సోవియట్ ఒప్పందం కుదిరింది; 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. పనికోసం వచ్చిన తెలుగు క్రైస్తవులు తమ విశ్వాసాన్ని పెట్టే బేడాతో పాటే తెచ్చుకున్నారు. ఇక్కడ బంధుత్వాల వంతెనలు లేవు. పక్క క్వార్టర్‌లో ఉండేది బిహారీ, మలయాళీ, ఛత్తీస్‌గఢీ కుటుంబం. వాళ్లు చూసేది మన బతుకునే. అందుకే ఇక్కడ శిష్యత్వమే సువార్త. అది ఇంట్లోనే మొదలవుతుంది: మనవడి పక్కన కూర్చుని ఆ పాత పుస్తకంలో ఒక కీర్తన అక్షరం అక్షరం చదివించడం కూడా శిష్యులను చేయడమే.