పాత బండికి కొత్త అద్దం

పాత వాహనం విలువ నిలవాలంటే ముందద్దాన్ని మార్చకూడదనే వాదన చరిత్ర ముందు నిలవదు. నిజాం ప్రభుత్వ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టేనాటికే భద్రమైన అద్దం తయారీ తెలుసు. ఫ్రెంచి రసాయనవేత్త ఎడ్వార్ బెనెడిక్టస్ 1909లో పేటెంటు తీసుకున్న పద్ధతిలో రెండు అద్దాల నడుమ సెల్యులాయిడ్ పొర ఉంటుంది. అద్దం పగిలినా పెంకులు ఎగరకుండా పట్టేది ఆ పొరే. ఏళ్ల తరబడి ఎండ తగిలి పసుపుబారేదీ, అంచుల్లోంచి తేమ చేరి విడిపోయేదీ అదే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేసవుల్లో ఎండకు నిలిపిన బండికి ఇది ఇంకా పెద్ద బెడద. 1930ల చివర్లో పాలీవినైల్ బ్యూటిరాల్ పొర రావడంతో తయారీదారులే పాత పొరను వదిలేశారు. వాళ్లు వదిలేసినదాన్ని మనం పట్టుకు వేలాడడం ఎందుకు?

అసలు అద్దం తీసేస్తే బండి అసలుతనం పోదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ అసలుతనం చట్రంలో, అద్దం ఆకారంలో, రబ్బరు బిగింపులో ఉంది; మసకబారిన పొరలో కాదు. పాత జీపుల చదును అద్దాన్ని కొలత ప్రకారం లామినేటెడ్ (నడుమ పొర ఉన్న) పలకలోంచి కోయించుకోవచ్చు. టఫెన్డ్ (గట్టిపరిచిన) అద్దం మాత్రం కోయబోతే ముక్కలైపోతుంది. అంబాసిడర్ లాంటి వంపు అద్దానికి ఖర్చు ఎక్కువే, అయినా ఎదుటి మనిషి కనిపించని బండిని రోడ్డెక్కించడం తప్పు. తీసిన అద్దాన్ని పారేయకుండా గుడ్డ చుట్టి దాచండి, దానిమీది తయారీ గుర్తు చరిత్రకు సాక్ష్యం.