చదువు అప్పు: సంతకం పెట్టే ముందు ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క

తమిళనాట ప్లస్ టూ, కర్ణాటకలో పీయూసీ, మహారాష్ట్రలో బారావీ. పేరేదైనా, ఫలితాలు వచ్చిన వారంలోనే మన ఇళ్లలో ఒకే మాట నడుస్తుంది: ఏ కాలేజీ, ఎంత ఫీజు, ఆ డబ్బు ఎక్కడి నుంచి? బ్యాంకు అప్పు సులువుగానే కనిపిస్తుంది, ఎందుకంటే మొదటి కిస్తు కట్టాల్సింది నాలుగైదేళ్ల తర్వాత. చిక్కంతా అక్కడే ఉంది. రాష్ట్రం బయట తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ అప్పు గురించి తెలుసుకోవాల్సిన ముఖ్య విషయాలు ఇవి.

అప్పు నడిచే తీరు

ప్రభుత్వ బ్యాంకులన్నీ దాదాపుగా ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా పథకాన్నే పాటిస్తాయి. 4 లక్షల వరకు తాకట్టు అడగకూడదు, చేతి నుంచి పెట్టాల్సిన వాటా కూడా ఉండదు. 7.5 లక్షల వరకు 2015లో వచ్చిన రుణ హామీ నిధి అండ ఉంది కాబట్టి ఆస్తి గానీ, బయటివారి జామీను గానీ లేకుండానే ఇవ్వవచ్చు. ఆ పైన ఇల్లో, స్థలమో, డిపాజిటో తాకట్టు పెట్టాలి. తల్లిగానీ తండ్రిగానీ సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. అంటే పిల్లవాడు కట్టకపోతే తండ్రి సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది.

చదువు కాలం, ఆపైన ఒక సంవత్సరం వరకు కిస్తు కట్టనక్కర్లేదు. వడ్డీ మాత్రం ఆగదు. డబ్బు చేతికి వచ్చిన రోజు నుంచే బారువడ్డీ లెక్కన పెరుగుతూ, చివరికి అసలులో కలుస్తుంది. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు గడువు దొరుకుతుంది.

ఒక లెక్క

నాలుగేళ్ల ఇంజినీరింగ్‌కు ఏడాదికి లక్షన్నర చొప్పున 6 లక్షలు తీసుకున్నారనుకోండి. వడ్డీ 10 శాతం. ఐదేళ్లు ఏమీ కట్టకపోతే వడ్డీ 2.10 లక్షలు చేరి అప్పు 8.10 లక్షలు అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,700, మొత్తం 12.85 లక్షలు. పదిహేనేళ్లకు పెడితే కిస్తు 8,700కు తగ్గుతుంది, కట్టే మొత్తం మాత్రం 15.67 లక్షలకు పెరుగుతుంది.

చదువుతుండగానే వడ్డీ వరకు ఇంటి నుంచి కడుతూ వస్తే అసలు 6 లక్షల దగ్గరే నిలుస్తుంది. అప్పుడు పదేళ్ల కిస్తు సుమారు 7,930. ముందు కట్టిన వడ్డీ కలుపుకున్నా మొత్తం 11.6 లక్షలే. మొదటి ఏడాది నెలకు పన్నెండు వందల యాభై, నాలుగో ఏడాదికి ఐదు వేలు కట్టగల ఇల్లు లక్షా పాతిక వేల దాకా మిగుల్చుకుంటుంది.

ఇక జీతం వైపు చూడండి. కొత్తగా చేరిన పిల్లవాడికి చేతికి 20 వేలు వస్తే 10,700 కిస్తు పోగా మిగిలేది గది అద్దెకు, తిండికి కూడా చాలదు. కిస్తు జీతంలో నాలుగో వంతు దాటకూడదు అనుకుంటే ఈ అప్పుకు మొదటి జీతం 43 వేలు ఉండాలి. ఆ కాలేజీ నుంచి, ఆ బ్రాంచి నుంచి ఎందరికి ఆ జీతం వస్తున్నదో అడిగి తెలుసుకోండి. బ్రోషర్‌లో రాసిన అత్యధిక జీతం ఒక్కరిది. మధ్యలో ఉన్న విద్యార్థి జీతమే మన లెక్కకు పనికొస్తుంది.

భాషా మైనారిటీ అంటే స్కాలర్‌షిప్ కాదు

మన వాళ్లలో చాలామంది పొరపడేది ఇక్కడే. కేంద్ర ప్రభుత్వ మైనారిటీ స్కాలర్‌షిప్పులు ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ వర్గాలకు మాత్రమే. తెలుగు మాతృభాష అన్న కారణంతో అవి రావు. భాషా మైనారిటీకి రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చేది విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు. మైనారిటీ ఎవరన్నది రాష్ట్రాన్ని బట్టే తేల్చాలని 2002 అక్టోబర్ 31న టీఎంఏ పై ఫౌండేషన్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కాబట్టి తెలుగు మైనారిటీ కాలేజీలో మన పిల్లలకు కేటాయించిన సీటు దొరకవచ్చు. కానీ సీటు వేరు, ఫీజు తగ్గింపు వేరు. రెండూ విడివిడిగా అడగాలి.

కుల ధ్రువపత్రం సంగతీ అంతే. ఆంధ్ర నుంచి వెళ్లిన కుటుంబపు విద్యార్థి ముంబయి వైద్య కళాశాల సీటు కోసం వేసిన కేసులో 1990లో సుప్రీంకోర్టు, ఒక రాష్ట్రపు షెడ్యూల్డ్ తెగ గుర్తింపు వలస వెళ్లిన రాష్ట్రంలో చెల్లదని తీర్పు ఇచ్చింది. తాతల నాటి ఊరి పత్రం కాదు, ఇప్పుడున్న రాష్ట్రపు జాబితాలో మన కులం ఎక్కడుందో చూసి ఇక్కడి అధికారి నుంచే పత్రం తీసుకోవాలి. ఉదాహరణకు మహారాష్ట్రలో పద్మశాలీలు ప్రత్యేక వెనుకబడిన వర్గం కింద వస్తారు.

సరిహద్దు దాటితే పోయేవి

హోసూరు నుంచి చిత్తూరు వైపు, బరంపురం నుంచి విశాఖ వైపు పిల్లలను పంపే కుటుంబాలు ఎక్కువే. భాష తెలిసిన చోటు, బంధువులున్న ఊరు అన్న ధైర్యం ఉంటుంది. కానీ ఆంధ్ర, తెలంగాణల్లో స్థానికత చదివిన చోటును, నివాసాన్ని బట్టి తేలుతుంది, మాతృభాషను బట్టి కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మన పిల్లలకు అందదు, చాలాసార్లు మేనేజ్‌మెంట్ కోటాయే దిక్కవుతుంది. అదే సమయంలో ఇక్కడి రాయితీలనూ వదులుకోవాల్సి వస్తుంది.

ఉన్న రాష్ట్రంలో అడగాల్సినవి

తమిళనాడు: ఇంట్లో ఎవరూ పట్టభద్రులు కాకపోతే తొలి పట్టభద్రుల ట్యూషన్ ఫీజు రాయితీ ఉంది. సింగిల్ విండో కౌన్సెలింగ్ ద్వారా చేరినవారికే ఇది వర్తిస్తుంది. 6 నుంచి 12 వరకు ప్రభుత్వ బడిలో చదివినవారికి వృత్తి కోర్సుల్లో 7.5 శాతం ప్రత్యేక కోటా ఉంది. అలాంటి ఆడపిల్లలకు పుదుమై పెణ్ పథకం కింద నెలకు వెయ్యి రూపాయలు వస్తాయి.

మహారాష్ట్ర: కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉన్న ఓబీసీ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ఆడపిల్లలకు వృత్తి కోర్సుల ట్యూషన్, పరీక్ష ఫీజు 2024–25 నుంచి పూర్తిగా మాఫీ. దరఖాస్తు మహాడీబీటీ పోర్టల్‌లో. షోలాపూర్‌లో బీడీలు చుట్టే తల్లుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ సాయం వేరుగా ఉంది. అది డిగ్రీ, పాలిటెక్నిక్‌లకు ఏడాదికి 6 వేలు, వృత్తి కోర్సులకు 25 వేలు.

ఒడిశా: 2016లో మొదలైన కళింగ శిక్షా సాథీ యోజన కింద ఏడాది ఆదాయం 4.5 లక్షలు దాటని కుటుంబాలకు 10 లక్షల వరకు అప్పు 1 శాతం వడ్డీకే.

కర్ణాటక: సీఈటీ ద్వారా సీటు వచ్చిన వెనుకబడిన వర్గాల విద్యార్థులకు దేవరాజ్ అరసు నిగమం అరివు పేరుతో తక్కువ వడ్డీ అప్పు ఇస్తుంది.

యానాం: సెంటాక్ ప్రవేశాల్లో యానాం ప్రాంతానికి విడిగా సీట్లుంటాయి. నివాస పత్రం ముందే సిద్ధంగా ఉంచుకోవాలి.

ఎక్కడివారైనా: 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన నాణ్యమైన సంస్థల్లో మెరిట్‌పై సీటు వస్తే జామీను లేకుండా అప్పు ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపైతే 10 లక్షల వరకు అప్పుపై చదువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. 4.5 లక్షల లోపైతే వృత్తి, సాంకేతిక కోర్సులకు ఆ కాలపు వడ్డీ పూర్తిగా ప్రభుత్వమే భరిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఇవి రావు. నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు వేసే ఏడాది మళ్లీ చూసుకోండి.

ఇంతకీ డిగ్రీ దండగా?

దండగ కాదు, కానీ ప్రతి డిగ్రీ ఒకటి కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో విడుదల చేసిన భారత ఉపాధి నివేదిక ప్రకారం 2022లో పట్టభద్రులైన యువతలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో అది 3.4 శాతమే. చదువు లేనివారికి మంచి పని దొరుకుతోందని దీని అర్థం కాదు. దొరికిన కూలికి పోక వారికి గతి లేదు. చదివినవారు చదువుకు తగ్గ పని కోసం ఎదురుచూస్తున్నారు. ఆ ఎదురుచూపు కాలంలోనే బ్యాంకు కిస్తు మొదలవుతుంది.

అందుకే ఖర్చు తగ్గించే దారులు కూడా చూడాలి. పది తర్వాత మూడేళ్ల పాలిటెక్నిక్ చేసి లేటరల్ ఎంట్రీతో బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఆ మధ్యలో డిప్లొమాతోనే ఉద్యోగం దొరికితే అప్పు అవసరమే రాకపోవచ్చు. ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ, బీకాం చదివి, మంచి సంస్థలో పీజీకి అప్పు చేయడం, పేరులేని కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటుకు అప్పు చేయడం కన్నా నయం.

బ్యాంకు కాదంటే

విద్యార్థి ఇల్లు తమ శాఖ పరిధిలో లేదన్న కారణంతో దరఖాస్తు తిరస్కరించవద్దని రిజర్వ్ బ్యాంక్ 2012లోనే బ్యాంకులకు చెప్పింది. తిరస్కరణను నోటిమాటగా ఒప్పుకోకండి, కారణం రాసి ఇమ్మనండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దీనికి రుసుము లేదు.

అప్పు ముందే తీర్చేస్తే, మారే వడ్డీ రేటు రుణాలపై బ్యాంకు జరిమానా వేయకూడదు. కట్టిన వడ్డీకి 8 ఏళ్ల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, పాత పన్ను విధానంలో ఉన్నవారికి మాత్రమే.

సంతకానికి ముందు

ఒక కాగితం మీద ఐదు అంకెలు రాయండి: మొత్తం ఫీజు, హాస్టల్ ఖర్చు, రాయితీలు పోగా కావాల్సిన అప్పు, చదువు ముగిసేనాటికి అయ్యే అప్పు, నెల కిస్తు. పక్కనే ఆ కోర్సు చదివినవారి మామూలు జీతం రాయండి. ఆ కాగితాన్ని పిల్లల ముందే, పిల్లలతో కలిసి రాయండి. కిస్తు కట్టాల్సింది వాళ్లే, ఆ లెక్క మొదటి రోజే వాళ్లకు తెలియాలి.