జలతలమున విమానావతరణము

పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణముగా, అరియాంకుప్పము నది సముద్రమును చేరుచోట తేంగాయితిట్టు అను ప్రదేశము కలదు. తమిళమున తేంగాయి యనగా మన టెంకాయ. తిట్టు అనగా దిబ్బ. టెంకాయల దిబ్బ యన్నమాట. నేడచ్చట చేపల రేవున్నది. అదే నదీతీరమున నున్న అరికమేడులో 1945వ సంవత్సరమున మార్టిమర్ వీలర్ పండితుడు త్రవ్వకములు జరిపి, రోమనులతో సాగిన ప్రాచీన వర్తకమునకు నిదర్శనములను వెలికిదీసెను. రెండువేల యేండ్లుగా నావలను మోసిన నీరిది. ఇట్టి నీటిపై విమానము దిగరాదా యని ఉత్సాహవంతులు ప్రశ్నింపవచ్చును. దిగుట వేఱు, క్షేమముగా దిగుట వేఱు. ఆ రెంటికి నడుమ నూఱేండ్లకు పైబడిన చరిత్ర కలదు. అందొక నూతనాధ్యాయము మన కృష్ణానదిపైననే నడచినది.

నీరు మెత్తనిదని మన నమ్మకము. గట్టుపైనుండి చెరువులోనికి బోర్లపడి దుమికిన బాలుని పొట్ట యెఱ్ఱనగుట చూచినవారి కీ నమ్మకము నిలువదు. నీరు అణగదు, ప్రక్కకు తొలగవలెను, తొలగుటకు వ్యవధి కావలెను. వేగముగా వచ్చి తాకిన వస్తువునకు ఆ వ్యవధి లేనందున నీరు ఱాతినేల వలెనే ఎదురుదెబ్బ కొట్టును.

పుదుచ్చేరిలో నివసించువారికి ఫ్రెంచివారి ముచ్చటలు క్రొత్తగావు. నీటిపైనుండి స్వశక్తితో మొదట లేచిన విమానము వారిదే. 1910 మార్చి 28వ తేదీన మార్సేయి నగర సమీపమందలి బెర్ సరస్సుపై ఆంరి ఫాబ్ర్ అను ఇంజనీరు దానిని నడపెను. మరుసటి యేట అమెరికాలో గ్లెన్ కర్టిస్ నీటివిమానమునకు చక్రములను గూడ అమర్చి, నేలపైనను నీటిపైనను దిగగల ఉభయచర విమానమును సిద్ధపఱచెను. 1912లో ఆయన నిర్మించిన ఎగిరెడి పడవకు చిత్రమైన చిక్కు వచ్చినది. ఎంత పరుగెత్తినను అది నీటిని వదలకుండెను. నున్నని అడుగును నీరు జిగురువలె పట్టి లాగుచుండెనని గ్రహించి, అడుగుభాగమున ఒక మెట్టు కట్టిరి. ఆ మెట్టు వద్ద గాలి చొరబడి నీటి పట్టు వీడినది. నేటికిని నీటివిమానపు అడుగున ఆ మెట్టును చూడవచ్చును.

దెబ్బ యెంతటిదో లెక్కగట్టుట తరువాతి మాట. 1929లో థియొడోర్ ఫాన్ కార్మాన్, 1932లో హెర్బర్ట్ వాగ్నర్ అను శాస్త్రజ్ఞులు, నీటిని తాకిన క్షణమున విమానపు అడుగున పుట్టు ఒత్తిడిని గణితమున నిరూపించిరి. తేలిన దేమనగా, అడుగు బల్లపరుపుగా నున్నచో దెబ్బ దుర్భరము. నాగలి కఱ్ఱు వలె వాడిగా నున్నచో నీరు క్రమముగా చీలి దెబ్బ తగ్గును. మిక్కిలి వాడిచేసినచో నీటిపై తేలి పరుగెత్తు శక్తి నశించును. కనుక రెంటికి నడుమ కోణమును వెదకవలసివచ్చెను. దీనికై 1931లో అమెరికాలోని లాంగ్లీ ప్రయోగశాలలో రెండువేల అడుగులకు మించిన పొడవుగల నీటితొట్టిని కట్టి, నమూనాలను లాగి పరీక్షించిరి. ముక్కు ఎత్తు కొంచెము హెచ్చుతగ్గైనచో విమానము పందికొక్కువలె ఎగిరెగిరి పడు దోషము ఎచ్చట మొదలగునో అట్టి పరీక్షలు తెలిపినవి. వేగము సగమైనచో తాకిడి శక్తి నాలుగవ వంతగును. నీటివిమానములకు మెల్లగా దిగగల గుణము ముఖ్యమగుట అందువలననే.

విమానము బాగుపడినది. నీటి సంగతి యేమి? 1930ల చివర ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి ఎగిరెడి పడవలు మన దేశమున కరాచి, రాజసమంద్, గ్వాలియరు, అలహాబాదు, కలకత్తాల మీదుగా రాకపోకలు సాగించినవి. మంచి యోడలే, మంచి చోదకులే. అయినను 1939 మార్చిలో వానిలో నొకటియగు కోర్సేర్, బెల్జియన్ కాంగోలో దారి తప్పి, ఇరుకైన దుంగు నదిపై దిగినది. దిగుట చక్కగానే దిగినది. నీటిలో దాగిన బండ అడుగును చీల్చినది. ప్రయాణికులు బ్రతికిరి. మరమ్మతు చేసి ఎగురబోగా మఱల బండ తగిలినది. కడకు నదికి కట్ట గట్టి, నీటిమట్టము పెంచి, 1940 జనవరిలో దానిని వెలికిదెచ్చిరి. ఈ సంఘటన నాకు పెద్ద గ్రంథముకంటె ఎక్కువ చెప్పుచున్నది. నేలపై విమానాశ్రయమును మనము కట్టుదుము. రాయి యున్న తీసివేయుదుము. నదిని ఎవరును కట్టలేదు. అది నేటి రీతిగా రేపుండదు.

యుద్ధకాలమున మదరాసు సమీపమందలి రెడ్‌హిల్స్ చెరువు క్యాటలీనా విమానములకు స్థావరమయ్యెను. అట్టి నిలుకడ నీటికి సయితము ఒక ప్రమాదము కలదు. గాలి లేని ఉదయమున నీరు అద్దమువలె నుండును. చోదకునికి పైనున్న ఆకాశమే క్రిందను కనబడును. నీరెంత దూరమున నున్నదో కన్ను చెప్పలేదు. అందుచే వారు ఒడ్డునకు సమాంతరముగా, చెట్లను చూచుకొనుచు, ఇంజను శక్తి కొంత యుంచి, నిమిషమునకు నూటయేబది అడుగుల వంతున దిగుచు, నీరు తనంతట తాకువఱకు వేచియుందురు. మనము మెచ్చు నిర్మల జలము వారికి శత్రువు, చిఱుకెరటము మిత్రము.

ఉభయచర విమానమున మఱియొక విపరీతము కలదు. నేలపై చక్రములు దింపుట మఱచినచో అడుగు గీచుకొనును, మనుష్యులు సాధారణముగా బ్రతుకుదురు. నీటిపై చక్రములు దిగియుండగా వాలినచో అవి నీటిని పట్టుకొనగా విమానము తలక్రిందులగును. దీనికై చక్రముల స్థితిని గొంతెత్తి చెప్పు హెచ్చరిక యంత్రములు వచ్చినవి. "ఇది నీటిపై దిగుట, చక్రములు పైకున్నవి" అని చోదకుడు ప్రతిసారియు నోట పలుకుట అంతకన్న పాత అలవాటు, చౌకయైనదియు.

ఇక కృష్ణ సంగతి. 2024 సెప్టెంబరు రెండవ తేదీన విజయవాడ ప్రకాశము బ్యారేజి వద్ద పదకొండు లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినది. 1957లో కట్టుబడి పూర్తియైన ఆ బ్యారేజి అంతటి ప్రవాహమును మునుపెన్నడును చూడలేదు. కట్లు తెంచుకొని కొట్టుకొనివచ్చిన పెద్ద పడవలు గేట్లను ఢీకొని, వాని ప్రతిభారపు దిమ్మలను పగులగొట్టినవి. నీటిలో చిక్కిన ఆ పడవలను వెలికిదీయుటకు ఎన్నో దినములు పట్టినది. రెండు మాసములు గడచి, అదే సంవత్సరము నవంబరు 9వ తేదీన ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, కేంద్ర విమానయాన మంత్రి రామమోహననాయుడు ప్రభృతులు ఆ జలాశయమునుండియే ట్విన్ ఆటర్ ఉభయచర విమానమెక్కి శ్రీశైలము పాతాళగంగ వద్ద నీటిపై దిగిరి. ప్రయోగము నిర్విఘ్నముగా ముగిసినది. పత్రికలలో ఛాయాచిత్రములు సుందరముగా నుండినవి.

ఆ రెండు వార్తలను ప్రక్కప్రక్కన నుంచి చదివినగాని విషయము బోధపడదు. సెప్టెంబరులో టన్నులకొలది బరువుగల పడవలను కొట్టుకొనివచ్చిన నీరు నవంబరులో విమానపథ మాయెను. వరద కొనివచ్చిన మొద్దు ఒక్కటి సగము మునిగి తేలుచున్నను, గంటకు నూఱు కిలోమీటర్లకు మించిన వేగమున పరుగెత్తు తేలుడుబొంగునకు అది కోర్సేరునకు తగిలిన బండతో సమానము. శ్రీశైలము తీరు వేఱు. జలాశయము నిండినప్పుడు మట్టము 885 అడుగులు. వేసవిలో పదులకొలది అడుగులు దిగును. పాతాళగంగ మెట్లెన్ని బయటపడినవో యాత్రికులెఱుగుదురు. నీరు దిగినకొలది నల్లమల లోయ ఇఱుకగును, బండలు పైకి వచ్చును. నవంబరులో కొలిచిన పథము మే మాసమునకు చెల్లదు. అందుచే ప్రతి దిగుటకు ముందు ఒక పడవ ఆ మేరనంతయు తిరిగి చూచుట, లోతు కొలుచుట, మొద్దులను తొలగించుట అనునవి విమానపు అడుగుమెట్టువలె అనివార్యములని నా యభిప్రాయము. ఇందుకగు వ్యయమును టికెట్టు ధరలో కలుపక తప్పదు. కలుపనిచో చవుక యని మురియనేల?

ప్రయాణికుల కొక మాట. ప్రాణరక్షణ కవచమును విమానములో నున్నంతవఱకు ఊదరాదు. వెలికి వచ్చిన పిదపనే ఊదవలెను. 1996 నవంబరులో కొమొరో దీవుల చెంత సముద్రమున పడిన ఇథియోపియా విమానమున పెక్కురు ముందే ఊది, నీరు చొరగా లోకప్పునకు తేలి, ద్వారమును చేరలేక మరణించిరి. పిల్లలకు ఈ సంగతి తల్లిదండ్రులే ముందుగా చెప్పియుంచుట మేలు.

తేంగాయితిట్టు వంటి చోట ఈ పనులన్నియు మఱింత కష్టము. నదీముఖమున ఇసుకమేట వేయును, త్రవ్వించుచునే యుండవలెను. తెల్లవారుజామున మరపడవలు బారులు తీరును. కృష్ణలోనైనను, ఇచ్చటనైనను ఒక విమానమునకై కిలోమీటరుకు పైగా నీటిని ఖాళీ చేయించుట యన్న, ఆ వేళకు కొందఱి వలలు ఒడ్డున నుండుట. వారికేమి పరిహారమో ముందుగా నిర్ణయింపక, పోలీసు పడవతో తఱిమినంతనే పథము ఖాళీయగునని భావించుట పొరపాటు. మఱియు, ఏ మూల ఏ మోడు మునిగియున్నదో, ఏ వరదకు ఇసుక ఎటు జరిగినదో వలలు చినిగిన చోటులనుబట్టి ఎఱిగినవారు వారే. లోతు కొలుచు పడవలో ఇంజనీరు ప్రక్కన ఒక జాలరిని జీతమిచ్చి కూర్చుండబెట్టినచో కొలత త్వరగా ముగియును.