రక్తపరీక్షలు – రోగ తీవ్రత అంచనా: కోవిడ్ కాలపు చరిత్ర

ఈ పాఠం చదివిన తరువాత మీరు రక్త సూచికలు ఎలా పుట్టాయో వివరించగలుగుతారు. కోవిడ్ కాలంలో అవి తెలంగాణ పల్లెలకు ఎలా చేరాయో, వాటి పరిమితులు ఏమిటో చెప్పగలుగుతారు.

పరిచయం

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే దారిలో ఉన్న మరిపెడ 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో మహబూబాబాద్ జిల్లాలో చేరింది. 2021 వేసవిలో ఇలాంటి మండల కేంద్రాల్లో జ్వరం వచ్చిన ప్రతి ఇంటినీ ఒకే ప్రశ్న వేధించింది. రోగి ఇంట్లోనే కోలుకుంటాడా, వెంటనే పెద్దాసుపత్రికి తరలించాలా? సి.ఆర్.పి., డి-డైమర్, ఫెర్రిటిన్ అనే పేర్లు అప్పుడే సామాన్యుల నోట వినిపించాయి. అయితే ఇవి కోవిడ్‌తో పుట్టిన పరీక్షలు కావని మీరు గమనించాలి.

పూర్వ చరిత్ర

రక్తాన్ని గొట్టంలో నిలిపి, ఎర్రకణాలు కిందికి దిగే వేగాన్ని కొలిచే పద్ధతిని 1897లో పోలండ్ వైద్యుడు బీర్నాట్‌స్కీ వివరించాడు. మనం ఈ.ఎస్.ఆర్. అని పిలిచేది ఇదే. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే పరిశోధకులు న్యుమోనియా రోగుల రక్తరసంలో ఒక కొత్త చర్యను గుర్తించారు. జబ్బు ముదిరిన దశలో కనిపించిన ఆ చర్య, రోగి కోలుకోగానే మాయమైంది. దానికి కారణమైన ప్రోటీనే సి.ఆర్.పి. శరీరం లోపల వాపు పెరిగినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం కాలేయానికి సంకేతం పంపుతుంది, కాలేయం సి.ఆర్.పి.ని ఎక్కువగా తయారుచేస్తుంది. ఇక డి-డైమర్ అనేది గడ్డకట్టిన రక్తం కరిగేటప్పుడు మిగిలే ముక్క.

కోవిడ్ కాలం

2020 మార్చిలో వుహాన్‌లోని రెండు ఆసుపత్రులకు చెందిన 191 మంది రోగుల వివరాలు 'లాన్సెట్' పత్రికలో వెలువడ్డాయి. ఆసుపత్రిలో చేరేనాటికి డి-డైమర్ మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము దాటినవారిలో మరణాలు ఎక్కువని ఆ అధ్యయనం తెలిపింది. 2021లో మన దేశపు చికిత్సా మార్గదర్శకాలు మధ్యస్థ స్థాయి రోగులకు సి.ఆర్.పి., డి-డైమర్ పరీక్షలను 48 నుంచి 72 గంటలకొకసారి చేయాలని సూచించాయి.

రెండో అల ఉద్ధృతిలో స్వల్ప లక్షణాలున్నవారు కూడా ఈ పరీక్షలకు పరుగులు తీశారు. 2021 మే 3న ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా దీనిపై హెచ్చరించారు. ఆక్సిజన్ స్థాయి బాగుండి, లక్షణాలు స్వల్పంగా ఉంటే ఈ పరీక్షలు అవసరం లేదన్నారు. ఇందులో ప్రమాదం డబ్బు ఖర్చు ఒక్కటే కాదు. సి.ఆర్.పి. ఏ ఇన్‌ఫెక్షన్‌లోనైనా పెరగవచ్చు. ఆ అంకె చూసి భయపడి స్టెరాయిడ్లు ముందే మొదలుపెడితే మేలుకు బదులు కీడు జరగవచ్చు. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు డెక్సామెథసోన్ వల్ల ప్రయోజనం లేదని బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన 2020 జూన్‌లోనే తేల్చింది.

పల్లెకు చేరిన పరీక్ష

2021 జూన్ 9న తెలంగాణ ప్రభుత్వం 19 జిల్లాల్లో డయాగ్నొస్టిక్ కేంద్రాలను ప్రారంభించింది. వాటిలో మహబూబాబాద్ ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నమూనా తీసుకొని, జిల్లా కేంద్రంలో 57 రకాల పరీక్షలు ఉచితంగా చేయడం అప్పట్లో దీని పద్ధతి. అదే నెలలో ప్రైవేటు రంగంలో ధరలకు ప్రభుత్వం హద్దు పెట్టింది: డి-డైమర్‌కు 300, సి.ఆర్.పి.కి 500, ఇంటర్‌ల్యూకిన్-6కు 1,300 రూపాయలు. రోజుకూలితో బతికే కుటుంబానికి ఈ అంకెలు ఎంత బరువో మీరు ఊహించగలరు.

సారాంశం

రక్త సూచిక జాతకం కాదు. ఒక సమూహంలో ఎవరికి ముప్పు ఎక్కువో అది చెబుతుంది. ఫలానా రోగి బతుకుతాడో లేదో తేల్చి చెప్పదు. అందుకే దాన్ని రోగి వయసు, ఇతర జబ్బులు, ఊపిరి తీసుకునే వేగం, ఆక్సిజన్ స్థాయితో కలిపి చదవాలి. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే రక్తపరీక్ష ఫలితం కోసం వేచి ఉండకుండా ఆసుపత్రికి తరలించడమే సరైన పని.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. సి.ఆర్.పి.ని ఎవరు, ఏ రోగులలో గుర్తించారు?
2. స్వల్ప లక్షణాలున్నవారికి ఈ పరీక్షలు ఎందుకు వద్దన్నారు?
3. మీ మండలంలో రక్త నమూనా ఎక్కడ తీసుకుంటారో, ఫలితం ఎన్నాళ్లకు వస్తుందో తెలుసుకొని పది వాక్యాల్లో రాయండి.